స్కౌట్ ప్రమాణంలో 'దేవుడు', మన ఇంట్లో త్రిశరణం: ఒక బౌద్ధ తండ్రికి జవాబు

జై భీమ్ సోదరా.

తరువాత చదివేవారికి సందర్భం తెలియడం కోసం మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు ప్రకాశం జిల్లా నుంచి వచ్చి శాన్ హోసే దగ్గర స్థిరపడ్డారు. మీ తల్లిదండ్రుల కాలం నుంచీ మీది త్రిశరణ పంచశీలాలు, బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు స్వీకరించిన కుటుంబం. ఐదో తరగతి చదువుతున్న మీ అబ్బాయిని అతని స్నేహితుడు జపనీయుల బౌద్ధాలయంలో నడిచే స్కౌట్ ట్రూప్‌కు (స్కౌట్ దళానికి) పిలుస్తున్నాడు. మీ ఇంటికి దగ్గరలోనే ఉన్న వియత్నాం పగోడాలో ఆదివారాలు బూడిదరంగు చొక్కాలు తొడుక్కుని వరుసల్లో నిలబడే పిల్లలను కూడా మీరు చూశారు. స్కౌట్ ప్రమాణంలోని 'దేవుడు' అనే మాటను పిల్లవాడి చేత పలికించడం సబబేనా, ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలి, బౌద్ధ పతకం అంటున్నారే, అది ఇంకో సంప్రదాయంలోకి చేర్చుకోవడమా అన్నవి మీ సందేహాలు.

నేను గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కౌట్‌గా మెడకు స్కార్ఫ్ కట్టుకున్నవాడిని. మాదీ విహారానికి వెళ్ళే కుటుంబమే. కాలిఫోర్నియాకు వచ్చాక పదహారేళ్ళుగా ఒక బౌద్ధాలయపు ట్రూప్‌లో సహాయ స్కౌట్‌మాస్టర్‌గా ఉన్నాను, మా ఇద్దరు పిల్లలూ అందులోనే పెరిగారు. మీరు అడిగిన మొదటి ప్రశ్న ఒకప్పుడు నన్ను కూడా నిద్రపోనివ్వలేదు కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఇప్పుడు స్కౌటింగ్ అమెరికా అని పేరు మార్చుకున్న బాయ్ స్కౌట్స్ సంస్థలో ప్రమాణ పాఠం ఒక్కటే. అందులో దేవుడి పట్ల, దేశం పట్ల నా విధిని నెరవేరుస్తాను అనే మాట ఉంటుంది. స్కౌట్ నియమంలోని పన్నెండు గుణాలలో చివరిది కూడా భక్తిశ్రద్ధలకు సంబంధించినదే, అయితే ఇతరుల విశ్వాసాలను గౌరవించాలనే మాట కూడా దానిలోనే కలిసి ఉంటుంది. మీరు సంతకం చేసే దరఖాస్తులో మతసూత్ర ప్రకటన ఒకటి ఉంటుంది, దాన్ని చదవకుండా సంతకం పెట్టవద్దు. అయితే ఆ సంస్థ దేవుడంటే ఎవరో, ఎలాంటివాడో నిర్వచించదు. ఆ పని కుటుంబానికీ, ఆ కుటుంబపు ధార్మిక సంస్థకూ వదిలేస్తుంది. సృష్టికర్తను అంగీకరించని బౌద్ధులను అది దశాబ్దాలుగా చేర్చుకుంటోంది, బౌద్ధాలయాలు ట్రూపులను నడుపుతున్నాయి, బౌద్ధ పతకాన్ని ఆ సంస్థ తన యూనిఫాం మీద ధరించనిస్తోంది. కాబట్టి మీ అబ్బాయిని అక్కడ ఎవరూ దోషిలా చూడరు.

కానీ మీరు అడిగింది నిబంధన గురించి కాదు, అంతరాత్మ గురించి. 22 ప్రతిజ్ఞలలో పేర్లు పెట్టి కాదన్న దేవతలు వేరు, ఈ దేవుడు వేరు కదా అని తప్పించుకునే వాదన నాకు నచ్చదు. సృష్టికర్త మీద ఆధారపడకపోవడం మన అవగాహనలో మూలమైన విషయం, దాన్ని మాటల గారడీతో దాటవేస్తే పిల్లలు ఇట్టే పసిగడతారు. మా పెద్దవాడి విషయంలో నేను చేసింది ఇదీ. ప్రమాణం చేసే రోజుకు రెండు వారాల ముందు వాడిని కూర్చోబెట్టుకుని, ఈ వాక్యంలో నువ్వు ఏమని అనుకుంటూ పలుకుతావో నీ మాటల్లో రాసి చూపించు అన్నాను. వాడు ఒక చిన్న కాగితం మీద రాసుకొచ్చాడు. బుద్ధుడు చెప్పిన దారిలో నడవడం, నేను చూడకపోయినా నా పనికి ఫలితం ఉంటుందని మరిచిపోకపోవడం, ఇదే నా విధి అని దాని సారాంశం. ఆ కాగితాన్ని ఆలయంలోని ఆచార్యుడికి చూపించాడు. ఆయన చదివి, మడిచి, తిరిగి వాడి జేబులోనే పెట్టి, ప్రమాణం చేసేటప్పుడు ఇది నీ దగ్గరే ఉండనీ అన్నారు. ఆ రోజు వాడు మూడు వేళ్ళు ఎత్తి ప్రమాణం చేస్తుంటే ఆ జేబు వైపే చూస్తూ నిలబడ్డాను.

ఇంత చేసినా మీకు మనసొప్పకపోతే చేర్పించకండి. నోటితో ఒకటి పలికించి, ఇంట్లో అది అబద్ధమని చెప్పడం కన్నా చేర్పించకపోవడమే మేలు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మన దేశంలోని భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఈ చిక్కును ఏనాడో పరిష్కరించింది. 1950లో ఏర్పడిన ఆ సంస్థ ప్రమాణంలో దేవుడు అనే మాటకు బదులు కావాలనుకున్నవారు ధర్మం అనే మాట వాడుకోవచ్చని నియమావళిలోనే ఉంది. మా స్కౌట్ మాస్టారు ఆ సంగతి చెప్పినప్పుడు మా తరగతిలో ముగ్గురం ధర్మం అనే పలికాం, ఎవరూ వింతగా చూడలేదు. బ్రిటన్ స్కౌట్ సంస్థలో అయితే బౌద్ధ పిల్లలకు త్రిరత్నాలను శరణు కోరుతూ, ప్రాణులన్నిటి పట్ల కరుణతో మెలుగుతానని చెప్పే ప్రత్యేక పాఠమే ఉంది. ఇక్కడి గర్ల్ స్కౌట్స్ కూడా 1993 నుంచి ఆ మాటకు బదులు తమ విశ్వాసానికి తగిన మాటను పలికే స్వేచ్ఛను ఇస్తోంది. మీకు ఏడేళ్ళ పాప ఉందన్నారు, ఆమె విషయంలో ఇది గుర్తుంచుకోండి. 2019 నుంచి అబ్బాయిల ట్రూపుల మాదిరిగానే ఆడపిల్లల ట్రూపులు కూడా బాయ్ స్కౌట్స్‌లో ఉన్నాయి కాబట్టి ఆమెకు రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

ఇక జపనీయుల ఆలయపు ట్రూప్. వీటి వెనుక ఉన్న చరిత్ర తెలిస్తే ఆ ఆవరణలోకి అడుగుపెట్టినప్పుడు మీకు అక్కడి పద్ధతులు బాగా అర్థమవుతాయి. జోదో షిన్షూ అనే జపాన్ బౌద్ధ సంప్రదాయపు ఆచార్యులు ఇద్దరు 1899లో శాన్ ఫ్రాన్సిస్కోలో దిగారు. ఆ తరువాత వలస వచ్చిన రైతుల, తోటమాలుల పిల్లలు ఇక్కడే పుట్టి, ఇక్కడి బడులలో చదువుకుంటూ, అటు తల్లిదండ్రుల భాషకూ ఇటు ఊరివారి చూపులకూ మధ్య నలిగిపోతున్నప్పుడు ఆలయాలు వారికి స్కౌట్ యూనిఫాం ఇచ్చాయి. లాస్ ఏంజిలిస్ లిటిల్ టోక్యోలోని కోయాసాన్ ఆలయపు ట్రూప్ 379 అలా 1931లో మొదలైంది, అది షింగోన్ అనే మరో జపాన్ బౌద్ధ సంప్రదాయపు ఆలయం. 1942లో ప్రభుత్వం పడమటి తీరంలోని దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివారిని ఇళ్ళనుంచి తరలించి ముళ్ళకంచెల శిబిరాలలో ఉంచినప్పుడు, ఆ శిబిరాలలో కూడా పిల్లలు స్కౌట్ దళాలు కట్టుకున్నారు. మీ శాన్ హోసే వాడే అయిన నార్మన్ మినేటా హార్ట్ మౌంటెన్ శిబిరంలో స్కౌట్‌గా ఉన్నప్పుడు, బయటి ఊరి స్కౌట్‌గా వచ్చిన అలన్ సింప్సన్‌తో ఒకే గుడారంలో ఉన్నాడు. తరువాత ఇద్దరూ అమెరికా చట్టసభలకు వెళ్ళారు, ఆ నిర్బంధానికి దేశం క్షమాపణ చెప్పిన 1988 నాటి చట్టం కోసం పనిచేశారు. మినేటా బౌద్ధుడు కాదు, మెథడిస్టు. కానీ ఈ ఆలయాల ముసలివారి దగ్గర స్కౌటింగ్ అన్న మాటకు ఎందుకంత బరువుందో చెప్పడానికి ఆ సంఘటన పనికొస్తుంది. మమ్మల్ని ఈ దేశపు పౌరులు కారన్నప్పుడు మా పిల్లలు ఈ దేశపు జెండాకు వందనం చేస్తూనే ఉన్నారు అని ఒక తొంభై ఏళ్ళ పెద్దాయన నాతో అన్నారు. అంటరానివారన్న మాట వింటూ పెరిగిన తాతల మనవలం మనం, ఆ మాట మనకు వేరుగా వివరించనక్కర్లేదు.

ట్రూప్ సమావేశాలు మీరు ఊహించేంత మతపరంగా ఉండవు. ముడులు, ప్రథమ చికిత్స, దిక్సూచి, వంట, నడక, ఇవే ఎక్కువ. ధర్మం కనిపించేది వేరే చోట. వేసవిలో, చనిపోయిన పెద్దలను తలచుకునే ఓబోన్ పండుగ రాత్రి వీధిలో నాట్యం ముగిసి జనం వెళ్ళిపోయాక, మడత కుర్చీలు ఎత్తి గదిలో పేర్చేది స్కౌట్లే. డిసెంబరులో మోచి అనే బియ్యపు ముద్దల కోసం ఆవిరి మీద ఉడికిన బంక బియ్యాన్ని చెక్క రోటిలో పెద్ద సుత్తెలతో దంచేటప్పుడు పెద్దవాళ్ళ పక్కన నిలబడి వంతులు వేసుకునేదీ వాళ్ళే. బుద్ధ జయంతిని వారు ఏప్రిల్ 8న హనమత్సురి పేరుతో చేసుకుంటారు. పూలతో అలంకరించిన చిన్న మంటపంలో శిశు బుద్ధుని విగ్రహం మీద గరిటెతో తియ్యని తేనీరు పోస్తారు. మన వైశాఖ పూర్ణిమ తేదీతో అది కలవదు కాబట్టి పిల్లవాడికి ముందే చెప్పి ఉంచండి. సూత్రాల పుస్తకం తెరిచే ముందు రెండు చేతులతో ఎత్తి నుదుటి దాకా తీసుకుని తలవంచుతారు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు అది చూసి, మనం పుస్తకం కళ్ళకద్దుకున్నట్టే కదరా అంది. అంతవరకూ ఆ ఆలయంలో బిడియంగా వెనక బల్ల మీద కూర్చునే మనిషి, ఆ తరువాత ముందు వరుసలోకి వచ్చింది.

ఒక తేడాను మాత్రం దాచకూడదు. జోదో షిన్షూలో కేంద్రం అమిద బుద్ధుడు, నమో అమిద బుత్సు అనే నామస్మరణ. బాబాసాహెబ్ మనకు చూపిన బుద్ధుడు శాక్యముని, ప్రశ్నించమని చెప్పిన గురువు. మీ అబ్బాయి పశ్చిమాన ఉన్న అమిద బుద్ధుని పరిశుద్ధ లోకం గురించి విని వచ్చి, ఇది నిజమా నాన్నా అని తప్పకుండా అడుగుతాడు. అప్పుడు వాళ్ళది తప్పు అనకండి, మనది ఇది అని చెప్పండి. కరుణ, అనిత్యం, ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉండడం అనే విషయాలలో రెండిళ్ళ మాటా ఒకటే. ఆ ఆలయంలో చేరకుండానే, విహారానికి వెళ్ళే బౌద్ధుడిగానే, ఆ ట్రూప్‌లో ఉండవచ్చు. మా ట్రూప్‌లో హిందూ పిల్లలు, క్రైస్తవ పిల్లలు, ఏ మతమూ లేని ఇళ్ళ పిల్లలు కూడా ఉన్నారు.

పతకాల సంగతికి వస్తాను. చిన్నవాళ్ళయిన కబ్ స్కౌట్లకు మెత్తా పతకం ఉంది, మెత్తా అంటే పాళీలో మైత్రి. పెద్ద స్కౌట్లకు సంఘ పతకం, గర్ల్ స్కౌట్లకు పద్మ పతకం ఉన్నాయి. వీటిని ఇచ్చేది స్కౌట్ సంస్థ కాదు, బౌద్ధ సంస్థలు. ఏ ర్యాంకుకూ ఇవి తప్పనిసరి కావు. సాధించినవారు యూనిఫాం మీద ఊదా గుడ్డపై వెండిరంగు ముడి ఉన్న చిన్న పట్టీ కుట్టించుకుంటారు. మీ ఐదో తరగతి పిల్లవాడికి ఇప్పుడే మెత్తా కోసం తొందరపడవలసిన పని లేదు, రాబోయే సంవత్సరాలలో సంఘ పతకానికి చాలినంత సమయం ఉంది. ఇది ఇంకో సంప్రదాయంలోకి చేర్చుకోవడమా అన్నారు, కాదు. అయితే మార్గదర్శకుడు ఎవరు అన్నది ముఖ్యం. మీ సంప్రదాయపు భిక్షువు గానీ, విహారంలో ధమ్మం బాగా తెలిసిన పెద్ద గానీ మీ వాడికి మార్గదర్శకుడుగా ఉండగలరా అని మొదటే ఆలయ ఆచార్యుడిని అడిగి తేల్చుకోండి.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి, ఎందుకంటే మన తల్లిదండ్రులలో చాలామంది ఇదే చేస్తున్నారు. మా రెండోవాడు మెత్తా పుస్తకం తెచ్చుకున్నప్పుడు నేను వాడి పక్కన కూర్చుని పంచశీలకు అర్థాలు, ఆర్య అష్టాంగ మార్గం, సిద్ధార్థుడి నాలుగు దర్శనాలు అన్నీ చెప్పి రాయించాను. దస్తూరి వాడిదే, వాక్యాలు మాత్రం నావి. ఆచార్యుడు పుటలు తిప్పి, మూడో శీలం గురించి నీ మాటల్లో చెప్పు అన్నారు. వాడు నా ముఖం వైపు చూశాడు. ఆయన ఏమీ అనలేదు, పుస్తకం మూసి, రా మనం హాలు ఊడుద్దాం అని వాడి చేతికి చీపురు ఇచ్చారు. అరగంట సేపు ఇద్దరూ బల్లల కింద ఊడుస్తూ మాట్లాడుకున్నారు. బల్ల కింద చీమల వరుస కనిపిస్తే వాడు చీపురు ఎత్తి పట్టుకుని ఆగిపోయాడట. ఎందుకు ఆగావు అని ఆయన అడిగితే వాడు చెప్పిన జవాబునే మొదటి శీలం దగ్గర వాడి చేత రాయించారు. నేను రాయించిన పేజీలన్నీ తీసేసి వాడు మళ్ళీ ఆరు నెలలు పనిచేశాడు. పరీక్షల కోసం పిల్లలను తోమే అలవాటు మనకు ఎముకల్లో ఉంది. సంఘ పతకాన్ని ఇంకో ర్యాంకులా, కాలేజీ దరఖాస్తులో ఇంకో వరుసలా చూస్తే అది పిల్లవాడికి ఏమీ ఇవ్వదు.

శీలమూ స్కౌట్ కార్యక్రమమూ ఎదురెదురు పడే సందర్భాలు కూడా వస్తాయి. చేపలు పట్టే మెరిట్ బ్యాడ్జి (ఒక నైపుణ్యం నేర్చుకున్నందుకు ఇచ్చే గుర్తు) కావాలంటే చేపను పట్టాలి. శిబిరంలో ఒక పిల్ల నేను గాలం వేయను అంది, తోటివారు ఎగతాళి చేయబోతే ఒక పెట్రోల్ (ట్రూప్‌లోని చిన్న జట్టు) నాయకుడు, పదమూడేళ్ళవాడు, ఆమె పడవ నడుపుతుంది, మీరు గాలాలు చూసుకోండి అని సర్దాడు. ఆ బ్యాడ్జి స్కౌట్లలో అత్యున్నతమైన ఈగిల్ ర్యాంకుకు తప్పనిసరి కాదు, కాబట్టి ఆ పిల్లకు నష్టమేమీ లేదు. నేను పెద్దవాడిని కదా అని మధ్యలోకి వెళ్ళి ఉపన్యాసం ఇచ్చి ఉంటే ఆ పదమూడేళ్ళవాడికి ఆ అవకాశం పోయేది. ఆరుగురో ఎనిమిదిమందో పిల్లలు తమ నాయకుడిని తామే ఎన్నుకుని, తమ వంట తామే వండుకుని, తమ తగాదా తామే తీర్చుకునే ఈ పెట్రోల్ పద్ధతే స్కౌటింగ్‌కు ప్రాణం. సంఘం అన్న మాటకు అర్థం పిల్లలకు దీనిలోనే తెలుస్తుందని నా నమ్మకం. ఏ ట్రూప్‌లో పెద్దవాళ్ళే అన్నీ చేసేస్తుంటారో అది ఎంత గొప్ప ఆలయంలో ఉన్నా నేను మా పిల్లలను పంపను.

వియత్నాం పగోడాలో మీరు చూసినది గియా దిన్ ఫత్ తు, అంటే బౌద్ధ కుటుంబం. చూడడానికి స్కౌట్లలా ఉంటారు గానీ స్కౌట్ సంస్థకు చెందినవారు కారు. హ్యూ నగరంలో లె దిన్ థామ్ అనే వైద్యుడు, ఆయనతో కూడిన యువకులు 1940ల్లో ఈ సంస్థకు పునాది వేశారు, 1951లో తు దామ్ ఆలయంలో జరిగిన సభలో ఇప్పటి పేరు పెట్టుకున్నారు. స్కౌట్ల నుంచి యూనిఫాం, శిబిరాలు, ముడులు, ఆటలు తీసుకుని లోపల ధర్మాన్ని పెట్టారు. కరుణ, ప్రజ్ఞ, ధైర్యం అన్నవి వారి ఆదర్శాలు. వారి చిహ్నం ఎనిమిది రేకుల తెల్లతామర, పైన ఐదు రేకులు, కింద మూడు. ఆ కింది మూడూ బుద్ధ, ధర్మ, సంఘాలు. 1963 మే 8న హ్యూ రేడియో కేంద్రం ముందు బౌద్ధ జెండాల నిషేధాన్ని నిరసిస్తూ చేరిన జనం మీద ప్రభుత్వ బలగాలు విరుచుకుపడినప్పుడు ఎనిమిది మంది చనిపోయారు, వారిలో పిల్లలున్నారు. 1975 తరువాత శరణార్థులుగా వచ్చినవారు ఈ సంస్థను తమతో తెచ్చుకుని ఇక్కడి పగోడాలలో నిలబెట్టారు.

వారి సమావేశం ముగింపును ఒక్కసారైనా చూడండి. అందరూ వలయంగా నిలబడి, కుడిచేతిని ఎడమచేతి మీదుగా అడ్డంగా పెట్టి పక్కవారి చేతులు పట్టుకుని వీడ్కోలు పాట పాడతారు, ఆరేళ్ళ పిల్ల పక్కన అరవై ఏళ్ళ నాయకుడు ఉంటాడు. నాయకులను పెద్దన్న, పెద్దక్క అన్నట్టుగానే పిలుస్తారు. నాయకుల శిక్షణ శిబిరాలకు పెట్టుకున్న పేర్లు విని నాకు కళ్ళు చెమర్చాయి. మొదటిది మృగదావం, అంటే సారనాథ్. రెండోది అశోకుడు. మూడోది హ్యూయన్‌త్సాంగ్, మన కృష్ణా తీరంలోని ధాన్యకటకానికి వచ్చి అక్కడి విహారాలను చూసి రాసిపెట్టిన ఆ యాత్రికుడే. మన పిల్లలకు మన అమరావతి గురించి చెప్పడానికి హ్యూ నగరపు శిబిరం పేరు సాకుగా దొరికింది.

మీ మొదటి సందేహం దృష్ట్యా చూస్తే గియా దిన్ ఫత్ తులో 'దేవుడు' అనే చిక్కే లేదు, అక్కడ పలికేది త్రిశరణమే. కానీ చాలా చోట్ల పాఠం, ప్రార్థన, ఆజ్ఞలు వియత్నామీస్‌లోనే సాగుతాయి, ఆ పిల్లలకు తల్లిభాష నేర్పడం కూడా ఆ సంస్థ పనిలో భాగం. మీ వాడు ఏ మాటా అర్థంకాక వరుస చివర నిలబడితే రెండు నెలల్లో మానేస్తాడు. కొన్ని పగోడాలలో ఇంగ్లీషు ఎక్కువగా వాడుతున్నారు, కాబట్టి దూరంగా చూసి నిర్ణయించకుండా వెళ్ళి అడగండి. మీ పాపకు ఏడేళ్ళు కాబట్టి, ఆ వయసు వాళ్ళకు భాష పెద్ద అడ్డు కాదు కాబట్టి, ఆమెకు అదే ఎక్కువ నప్పుతుందని నాకు అనిపిస్తోంది. అబ్బాయికి మాత్రం స్నేహితుడున్న ట్రూప్. పదేళ్ళ పిల్లవాడు ధర్మం కోసం ఎక్కడా చేరడు, స్నేహితుడి కోసం చేరతాడు, ఆ తరువాత ధర్మం దొరుకుతుంది.

చేర్పించే ముందు రెండు సమావేశాలకు మీరిద్దరూ వెళ్ళి వెనక కూర్చోండి. ఏ పెద్దవారూ ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఉండకుండా, ప్రతి కార్యక్రమంలో ఇరవై ఒక్క ఏళ్ళు దాటిన, నమోదైన నాయకులు కనీసం ఇద్దరు ఉండాలన్నది స్కౌటింగ్ అమెరికా నియమం. అది అక్షరాలా అమలవుతోందా అని చూడండి. పతకం కోసం ఆచార్యుడితో జరిగే సంభాషణలకు కూడా ఆ నియమం వర్తిస్తుంది, ఆచార్యుడు కదా అని మినహాయింపు ఇవ్వకూడదు. పగోడాలోనూ అదే ప్రశ్న అడగండి. బాధ్యత తెలిసినవారెవరూ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

మీ తమ్ముడు ఒంగోలులో విహారం తరఫున ఇలాంటిది పెట్టవచ్చా అని చివర్లో అడిగారు. పెట్టవచ్చు. భారత్ స్కౌట్స్‌లో దళాలు ఎక్కువగా బడులలోనే ఉన్నా, బడికి సంబంధం లేని ఓపెన్ దళాలకూ నమోదు ఉంది. జిల్లా సంఘం కార్యాలయంలో అడిగితే దారి చెబుతారు. శిక్షణ పొందిన స్కౌట్ మాస్టరు ఒకరు దొరకడమే అసలు కష్టం, కాబట్టి విహారంలోని యువకులలో ఒకరిని ముందు ఆ శిక్షణకు పంపమనండి. ప్రమాణం రోజున పిల్లలు ధర్మం అనే మాటే పలకవచ్చని ఆ స్కౌట్ మాస్టరుకు తప్పకుండా చెప్పమనండి, ఆ వెసులుబాటు ఉన్నట్టు చాలామంది మాస్టర్లకే తెలియదు.